పలక పక్కన పుల్లల కట్ట

పిల్లలూ! ముందుగా ఒక చిన్న లెక్క చేయండి. 32 లో నుంచి 17 తీసివేస్తే ఎంత?

"పదిహేను!" అన్నవారు, ఇక ఈ వ్యాసంతో మనకు పని లేదనుకుని పేజీ తిప్పకండి. మీతో వేరే పని ఉన్నది. "ఇరవైఐదు" అన్నవారు సిగ్గుపడకండి. ఆ జవాబు తప్పే గాని, దాని వెనక కూడా ఒక ఆలోచన ఉన్నది.

గిద్దలూరులోనో, కంభంలోనో రెండో తరగతి చదివే ఒక కుర్రవాడు ఈ లెక్క చేస్తున్నాడనుకోండి. వాడు ఒకట్ల స్థానం చూశాడు. పైన 2, కింద 7. రెండులో నుంచి ఏడు పోదు. కాని ఏడులో నుంచి రెండు పోతుంది గదా! అందుచేత 5 వేశాడు. తరువాత మూడులో ఒకటి తీసి 2 వేశాడు. 25 వచ్చింది. పెద్దదానిలో నుంచి చిన్నది తీయాలని ఎవరో చెప్పింది వాడికి గుర్తున్నది. ఆ మాట నమ్మే వాడు లెక్క చేశాడు.

లెక్క మీద అడ్డంగా ఎర్రగీత పడింది. మళ్ళీ చేస్తే మళ్ళీ 25 వచ్చింది. మూడోసారి వాడు లెక్క చేయటం మానేసి, పక్కవాడి పుస్తకంలోకి చూశాడు. జవాబు తప్పటం పెద్ద కష్టమేమీ కాదు. "నాకు లెక్కలు రావు" అని ఏడేళ్ళ పిల్లవాడు తనలో తాను అనుకోవటం మొదలుపెడితే, అదీ కష్టం. ఆ మాట ఒకసారి మనసులో నాటుకుంటే పదో తరగతి దాకా వెంట వస్తుంది.

ఆ కుర్రవాడికి తక్కువైనదేమిటి? తెలివి కాదు. ముప్ఫైరెండును వాడు చేతితో పట్టుకుని చూడలేదు. అంతే!

పలకకు తెలియని రహస్యం

మార్కాపురం అంటే పలకల ఊరు. కోట్ల సంవత్సరాల క్రితం నీటి అడుగున మెత్తని బురద పొరలు పొరలుగా పేరుకున్నది. భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ అది గట్టిపడి రాయి అయింది. ఆ రాతిని ఉలితో తడితే పుస్తకంలో కాగితాల లాగా పలచని రేకులుగా విడిపోతుంది. వాటిని కోసి, నునుపు చేసి, చుట్టూ కర్రచట్రం బిగిస్తే బడిపలక. మీ తాతలూ, అవ్వలూ బలపం పట్టి అక్షరాలు దిద్దింది ఇటువంటి పలకల మీదనే. ఇప్పుడు బడిపలకలు తగ్గి, ఇళ్ళ గోడలకూ నేలకూ పరిచే రంగురాళ్ళు ఎక్కువయినాయి గాని, ఆ రాయి ఇదే.

పలక చాలా మంచిది. ఎన్నిసార్లు తప్పు రాసినా తడిగుడ్డతో తుడిస్తే కోపం లేకుండా మళ్ళీ నల్లగా ఎదురు చూస్తుంది. కాని ఒక్క విషయం అది చెప్పలేదు. 32 అని రాసినప్పుడు ఎడమపక్కనున్న 3 చూడటానికి మూడే. కాని దాని విలువ ముప్ఫై. కుడిపక్కనున్న 2 మాత్రం రెండే. అంకె ఒకటే అయినా, కూర్చున్న చోటును బట్టి దాని విలువ మారిపోతుంది. ఇది మనుషులు చాలా కాలానికి గాని కనిపెట్టలేకపోయిన యుక్తి. ఏడేళ్ళ పిల్లవాడికి దాన్ని గీతల్లో చూపించి, వెంటనే బోధపడాలంటే ఎలా?

అందుకని పలక పక్కన మరొకటి కావాలి. దానికి డబ్బు ఖర్చు లేదు.

చీపురుపుల్లలు చేసే పని

పాత చీపురు ఒకటి తీసుకోండి. పెద్దవాళ్ళ చేత పుల్లలన్నీ ఒకే పొడవున, బెత్తెడేసి, కత్తిరించమనండి. కొసలు గుచ్చుకోకుండా చూసుకోవాలి. పొలం ఉన్నవాళ్ళు సన్నని కందిపుల్లలు తెచ్చుకోవచ్చు. నూరు పుల్లలుంటే చాలు. పది పుల్లలు లెక్కపెట్టి దారంతోనో, రబ్బరుబ్యాండుతోనో కట్ట కట్టండి. కట్ట అంటే పది. విడిపుల్ల అంటే ఒకటి.

ఇప్పుడు ముప్ఫైరెండు పెట్టండి: మూడు కట్టలు, రెండు విడిపుల్లలు. దీనిలో నుంచి పదిహేడు పుల్లలు మీ చెల్లెలికి ఇవ్వాలి. ముందు ఏడు విడిపుల్లలు ఇవ్వండి. మీ దగ్గర రెండే ఉన్నాయి. ఏం చేస్తారు? ఎవరూ చెప్పనక్కరలేదు; మీ చెయ్యే ఒక కట్ట విప్పుతుంది. ఇప్పుడు రెండు కట్టలు, పన్నెండు విడిపుల్లలు. ఏడు ఇచ్చారు, అయిదు మిగిలాయి. ఒక కట్ట ఇచ్చారు, ఒకటి మిగిలింది. ఒక కట్ట, అయిదు పుల్లలు. అంటే పదిహేను!

దీన్నే బడిలో "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవటం" అంటారు. ఈ మాట విని, "అప్పు తెచ్చాం గదా, తిరిగి ఎప్పుడిస్తాం?" అని అడిగే పిల్లలున్నారు. వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. నిజానికి ఇక్కడ అప్పూ లేదు, వడ్డీ లేదు. పదిరూపాయల నోటుకు చిల్లర తెచ్చుకోవటం లాంటిది, అంతే. కట్టను విప్పినా పుల్లలు ముప్ఫైరెండే. మొదట చెప్పుకున్న కుర్రవాడి చేత ఈ పని ఒక్కసారి చేయించండి. ఇరవైఐదు అనే జవాబు వాడికే నవ్వు తెప్పిస్తుంది.

మన భాష చేసే సాయం

ఈ పుల్లలకు మన తెలుగు ఎంత సాయం చేస్తుందో చూడండి. పదమూడు అంటే పది, మూడు. పద్నాలుగు అంటే పది, నాలుగు. నలభై అనే మాటలో నాలుగు కనిపిస్తుంది, అరవైలో ఆరు, ఎనభైలో ఎనిమిది. అరవైనాలుగు అనగానే, ఆరు కట్టలూ నాలుగు పుల్లలూ అని భాషే చెబుతున్నది. ఇంగ్లీషులో పదకొండును "ఎలెవెన్", పన్నెండును "ట్వెల్వ్" అంటారు. ఆ మాటల్లో పది ఎక్కడున్నదో వెతికినా కనపడదు. హిందీలో ఇరవైతొమ్మిదిని "ఉన్‌తీస్" అంటారు. అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ అన్నమాట. మన పిల్లలు ఇంగ్లీషు బడికి వెళ్ళినా సరే, ఇంట్లో పుల్లలు పెట్టేటప్పుడు తెలుగులో పేరు చెప్పి, తరువాత ఇంగ్లీషులో చెబితే రెండూ వస్తాయి.

పెద్దపెద్ద వాళ్ళు చేసిందీ ఇదే

చేతితో పట్టుకుని లెక్కలు నేర్చుకోవటం చిన్నతనం అనుకోకండి. జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన 1837 లో బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్ళో చిన్నపిల్లల కోసం ఒక బడి పెట్టాడు. మనం ఇప్పుడు కిండర్‌గార్టెన్ అనే మాట ఆయన పెట్టిన పేరే. ఆయన పిల్లలకు బంతులూ, కర్రదిమ్మెలూ ఇచ్చాడు. ఒక దిమ్మె ఎనిమిది చిన్న దిమ్మెలుగా విడిపోయేది. మళ్ళీ కూర్చితే ఒక్కటయ్యేది.

ఇటలీ దేశస్థురాలు మరియా మాంటిసోరి 1907 లో రోము నగరంలోని ఒక పేదవాడలో పిల్లల ఇల్లు ప్రారంభించింది. ఆమె చేయించిన బంగారు రంగు పూసలు చాలా ప్రసిద్ధి కెక్కాయి. ఒక పూస ఒకటి. పది పూసలు గుచ్చిన కడ్డీ పది. పది కడ్డీలు చేర్చిన చదరం నూరు. పది చదరాలు పేర్చిన ఘనం వెయ్యి. వెయ్యి ఎంత బరువో పిల్లవాడి చేతికి తెలిసేది! ఆమె 1939 లో మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. యుద్ధం మూలాన 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. ఆ రోజుల్లో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండేవి. 1970 లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1972 లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు.

బెల్జియంలో క్విజనేర్ అనే బడిపంతులు రంగురంగుల కర్రముక్కలు తయారుచేశాడు. ఒక సెంటీమీటరు ముక్క తెల్లనిది, ఒకటి. రెండు సెంటీమీటర్లది ఎర్రనిది, రెండు. ఇలా పది సెంటీమీటర్ల నారింజరంగు ముక్క వరకూ. ఆయన వీటి గురించి 1952 లో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. తరువాత ఎన్నో దేశాల బడుల్లోకి ఈ ముక్కలు వెళ్ళాయి.

దిమ్మెలు, పూసలు, కర్రముక్కలు చూడటానికి వేరు. కాని వీటన్నిటిలోనూ ఉన్నది ఒకటే. చిన్నవి చేరి పెద్దది అవుతుంది, పెద్దది విడిపోయి చిన్నవి అవుతాయి, అది కళ్ళ ఎదట జరుగుతుంది. మన చీపురుపుల్లల కట్టలో కూడా ఇదే ఉన్నది.

ఏ వస్తువు దేనికి?

అన్ని లెక్కలకూ ఒకే వస్తువు సరిపోదు. ఇంట్లో ఉన్నవాటిలో ఏది దేనికి పనికివస్తుందో చెబుతాను.

లెక్కపెట్టటానికీ, గుణకారానికీ చింతగింజలు. పలకను చాపమీద పెట్టి, దానిమీద నాలుగేసి గింజలు మూడు వరుసలు పేర్చండి. పన్నెండు. ఇప్పుడు గింజలను ముట్టుకోకుండా పలకను మెల్లగా పక్కకు తిప్పండి. మూడేసి గింజలు నాలుగు వరుసలు! గింజ పెరగలేదు, తరగలేదు. మూడు నాలుగులైనా, నాలుగు మూడులైనా పన్నెండే అని ఎవరో చెబితే నమ్మటం వేరు, పలక తిప్పి చూడటం వేరు. ఎక్కాల్లో సగం భారం ఇక్కడే దిగిపోతుంది.

పదికి జంటలు తెలియటానికి జొన్నబెండు. ఎండిన జొన్నదంటు పైతొక్క తీస్తే లోపల తెల్లని బెండు ఉంటుంది. తొక్క పదునుగా ఉంటుంది గనక ఆ పని పెద్దవాళ్ళది. రెండు సెంటీమీటర్ల ముక్క ఒకటి అనుకుని, నాలుగు సెంటీమీటర్లది రెండు, ఆరుది మూడు, ఇలా ఇరవై సెంటీమీటర్ల దాకా పది ముక్కలు చేయండి. బెండు దొరక్కపోతే అట్టముక్కలు చాలు. పది ముక్క పక్కన ఏడు ముక్క పెట్టి, ఖాళీలో ఏది పడుతుందో వెతకండి. మూడు! దీనితో 8 + 5 కూడా సులువవుతుంది. ఎనిమిదికి రెండు ఇస్తే పది, అయిదులో మిగిలినవి మూడు, పదమూడు.

పంచటానికి వామనగుంటలు. ఏడేసి గుంటలు రెండు వరుసలున్న ఆ పీట మీ అవ్వ దగ్గర ఉండవచ్చు. గుంటకు అయిదేసి గింజలు వేస్తే మొత్తం ఎన్ని కావాలి? గింజలు లెక్కపెట్టక ముందే చెప్పి, తరువాత సరిచూసుకోండి. గుంటకొక గింజ చొప్పున పంచుకుంటూ పోవటమే భాగహారానికి మొదటిమెట్టు.

భిన్నాలకు జొన్నరొట్టె. సగం చేసి మళ్ళీ సగం చేస్తే పావు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? మూడు కన్న నాలుగు పెద్దది గనక నాలుగో వంతే పెద్దదని చాలామంది పొరబడతారు. ఆకలి మీదున్నప్పుడు రొట్టెను ముగ్గురికి పంచి, మరొక రొట్టెను నలుగురికి పంచి చూడండి. ఆ తప్పు మళ్ళీ చేయరు.

బడికి ఇంకా వెళ్ళని తమ్ముడికి గళ్ళబాట. నేలమీద సుద్దముక్కతో పది గళ్ళు ఒకే వరుసలో గీసి, 1 నుంచి 10 దాకా అంకెలు వేయండి. రూపాయిబిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే ఒక గడి, బొరుసు పడితే రెండు గళ్ళు గింజను జరపాలి. ఒక్కటే నియమం. మూడో గడిలో ఉండి రెండు జరపాలంటే "ఒకటి, రెండు" అనకూడదు. గడిలో ఉన్న అంకెను చదువుతూ "నాలుగు, అయిదు" అనాలి. ఇది చూడటానికి ఆటే. కాని అమెరికాలో సీగ్లర్, రమణి అనే పరిశోధకులు ఇటువంటి ఆటనే పేద కుటుంబాల చిన్నపిల్లల చేత ఆడించి చూసి, అంకెల విలువలు వాళ్ళకు బాగా తెలిశాయని 2008 లో ప్రకటించారు. అంకెలకు బదులు రంగులు వేసిన గళ్ళతో ఆడినవారికి ఆ లాభం కలగలేదు. గిద్దలూరు వెళ్ళే రైలు మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం స్టేషన్లు ఒకదాని తరువాత ఒకటి దాటినట్టు, అంకెలు కూడా ఒకే దారిలో ఉన్నాయని ఆ ఆట నేర్పుతుంది.

అమ్మానాన్నలకు నాలుగు మాటలు

ఇక్కడి నుంచి మీ అమ్మకో, నాన్నకో చదివి వినిపించండి.

మొదటిది: వస్తువు సాదాగా ఉండాలి. ఖరీదైన రంగుబొమ్మలు కొంటే లెక్కలు త్వరగా వస్తాయనుకోవటం సహజం. కాని పిల్లవాడి చేతికి చిన్న ఏనుగుబొమ్మలు ఇచ్చి లెక్కపెట్టమంటే, వాడు ఏనుగులకు నీళ్ళు పెట్టి అడవికి తోలుకుపోతాడు. 2009 లో అమెరికాలో కొందరు పరిశోధకులు పిల్లల చేత డబ్బులెక్కలు చేయించారు. నిజమైన నోట్ల లాగే కనిపించే బొమ్మనోట్లు ఇచ్చినప్పుడు పిల్లలు ఎక్కువ తప్పులు చేశారు. లెక్కలో ఏమి చేయాలో వాళ్ళకు తెలియక కాదు. చేయటంలో పొరపాట్లు వచ్చాయి. ఒకే రకంగా ఉన్న గింజా, పుల్లా తమవైపు చూడమని పిలవవు. అందుకే మంచివి.

రెండవది: వస్తువులో లెక్క కనిపించాలి. పది విడిపుల్లలు చేరి కట్ట కావటం పిల్లవాడు చూస్తాడు. నీలంగింజ అయితే ఒకటి, ఎర్రగింజ అయితే పది అని చెబితే, అది వాడు గుర్తుపెట్టుకోవలసిన మరొక సంగతి అవుతుంది. పుల్లలతో బాగా అలవాటయిన తరువాతనే అటువంటివి.

మూడవది: ప్రమాదం లేనిది కావాలి. గురివిందగింజలు ఎర్రగా, నున్నగా, ముద్దుగా ఉంటాయి. కాని అవి కొరికితే ప్రాణం మీదికి తెచ్చే విషం. ఆముదపు గింజలు కూడా అంతే. మన చేలల్లో దొరుకుతాయి గదా అని వీటిని పిల్లల చేతికి ఇవ్వకూడదు. పలకరాతి ముక్కల అంచులు కోసుకుపోతాయి. ఆ రాతిని ఇంట్లో కోయటం, రుద్దటం చేస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. గింజలు ముక్కులో, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే, ఆట అయిపోగానే డబ్బాలో వేసి పైన పెట్టండి.

నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది: వస్తువును ఎప్పుడు తీసివేయాలో తెలియాలి. పుల్లలు పంగలకర్ర లాంటివి. పందిరి మీదికి తీగ పాకే దాకా కర్ర కావాలి. మొదట చేతితో పుల్లలు. కొన్నాళ్ళకు పుల్లలు ముట్టుకోకుండా పలకమీద బొమ్మ: కట్టకు ఒక నిలువుగీత, పుల్లకు ఒక చుక్క. ఆ తరువాత బొమ్మ కూడా లేకుండా అంకెలు. పుల్లలతో చేసిన ప్రతి లెక్కనూ అప్పటికప్పుడే పలకమీద అంకెలతో కూడా రాయించాలి. లేకపోతే పుల్లల లెక్క వేరు, బడిలెక్క వేరు అనుకుంటారు. పిల్లవాడు అంకెల్లో తడబడితే ఒక మెట్టు వెనక్కు వెళ్ళి మళ్ళీ పుల్లలు తీయండి. అందులో అవమానమేమీ లేదు. అయితే 48 కి 36 కలపటానికి మూడో తరగతి పిల్లవాడు ఇంకా ఒక్కొక్క గింజా లెక్కపెడుతుంటే, గింజలు వాడికి సాయం చేయటం మాని అడ్డం వస్తున్నాయన్నమాట.

పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు, "తప్పు" అనే ముందు "నీకు ఎలా తెలిసింది? పుల్లలతో చూపించు" అనండి. జవాబు సరి అయినప్పుడు కూడా అదే మాట అనండి. అప్పుడు ఆ ప్రశ్న వాడికి దెబ్బ లాగా తగలదు.

ఇక మీ వంతు

పిల్లలూ, మొదట పదిహేను అని సరిగా చెప్పినవారితో వేరే పని ఉన్నదన్నాను గదా! మీ వీధిలో ఇరవైఐదు అని చెప్పే తమ్ముడో, చెల్లెలో తప్పకుండా ఉంటారు. ఒక ఆదివారం వాళ్ళను కూర్చోబెట్టుకుని పుల్లల కట్టలు కట్టండి. కట్టను మీరు విప్పకండి, వాళ్ళనే విప్పనివ్వండి.

అది అయినాక మీకొక లెక్క. ఏడు కట్టలూ, అయిదు విడిపుల్లలూ ఉన్నాయి. ముగ్గురికి సమంగా పంచాలి. కట్టలతోనే మొదలుపెట్టండి. తలా రెండు కట్టలు ఇచ్చాక ఒక కట్ట మిగిలిపోతుంది. దాన్ని ఏమి చేస్తారు? మీరు చేసిన పనిని ఒక్కొక్క మెట్టుగా పలకమీద అంకెలతో రాయండి. బడిలో మీరు బట్టీపట్టిన భాగహారం పద్ధతి, ఎవరూ చెప్పకుండానే, మీ చేతి కింద తయారవుతుంది.